స్పీడ్ అంకె ఒక్కటే చూస్తే టొరెంట్ అర్థం కాదు

మాస్టారూ, మీ ప్రశ్న చాలా పొడుగ్గా ఉంది కాబట్టి ముందు నాకు అర్థమైనంత చెప్తాను. రాజోలు పక్కన మీ హైస్కూల్లో 12 పాత కంప్యూటర్లున్నాయి. వాటిలో వేయడానికి డెబియన్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ డీవీడీ ఇమేజ్‌ని క్యూబిట్‌టొరెంట్‌లో, అంటే ఫైల్‌ని ముక్కలుగా ఒకరి నుంచి ఒకరు తెచ్చుకునే టొరెంట్ సాఫ్ట్‌వేర్‌లో, దించుతున్నారు. దాంతోపాటు మీ తోటి టీచర్లు పదిమంది కలిసి తయారుచేసుకున్న పాఠాల వీడియోలు, 22 జీబీ, అవి కూడా టొరెంట్‌లోనే పంచుకుంటున్నారు. ఇంట్లో ఫైబర్ లైను 100 ఎంబీపీఎస్. కానీ డెబియన్ సెకనుకి 1.2 మెగాబైట్ల దగ్గరే ఆడుతోంది, వీడియోలు దాదాపు కదలడమే లేదు. స్టాటిస్టిక్స్ విండో తెరిస్తే రైట్ క్యాష్ ఓవర్‌లోడ్ 64 శాతం, క్యూడ్ ఐఓ జాబ్స్ 312, షేర్ రేషియో 0.03 కనిపించాయి. ఇవేంటి, కేబుల్ ఆపరేటర్‌ని నిలదీయాలా అని అడిగారు.

మీరు పెట్టిన స్క్రీన్‌షాట్లు మూడూ చూశాను. ఆపరేటర్ జోలికి వెళ్లకండి, మీ లైను బాగానే ఉంది. డెబియన్ ఆగడానికి కారణం ఒకటి, వీడియోలు ఆగడానికి కారణం వేరు. రెండూ మీ స్క్రీన్‌షాట్లలోనే ఉన్నాయి.

నేను అమలాపురంలో 2006 నుంచి నెట్ సెంటర్ నడిపాను. ఇప్పుడు స్కూళ్లకీ చిన్న ఆఫీసులకీ కంప్యూటర్లు చూసిపెడుతున్నాను. ఇన్నేళ్లలో నాకు బాగా పనికొచ్చిన పద్ధతి ఒక్కటే. ఆ విండోలో ఏ అంకె కనిపించినా, ఇక్కడ ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారు అని అడుగుతాను. మీ లైను ఆగుతోందా, మీ డిస్క్ ఆగుతోందా, అవతలివాడు మీ వంతు వచ్చేదాకా ఆపుతున్నాడా, లేక అసలు ఆ ముక్క ఎవరి దగ్గరా లేక అందరూ ఆగారా? స్పీడ్ అంకె చూస్తే ఆగారన్న సంగతి తెలుస్తుంది. ఎందుకు ఆగారో మిగతా అంకెలు చెప్తాయి.

ముందు కొలతల సంగతి తేల్చేద్దాం. లైను 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకి 10 కోట్ల బిట్లు. ఎనిమిది బిట్లు ఒక బైటు, అంటే సెకనుకి కోటి పాతిక లక్షల బైట్లు. క్యూబిట్‌టొరెంట్ చూపించేది బైట్లలో, అదీ 1024తో లెక్కకట్టే మెగాబైట్లలో. ఎం, బి అక్షరాల మధ్య చిన్న ఐ అక్షరం ఉంటుంది, చూడండి. ఆ లెక్కన మీ లైను నిండా పారితే 11.9 రావాలి. ప్యాకెట్ల మీద ఉండే చిరునామాలకీ లెక్కలకీ కొంత పోతుంది కాబట్టి 11 దాటిందంటే లైను నిండినట్టే. మీకు 1.2 వస్తోంది, అంటే లైనులో పదో వంతు. 100 అన్నారు, 11 వస్తోంది అని ఆపరేటర్ మీద కేకలేసినవాళ్లని చాలామందిని చూశాను. మీ కేసు అది కాదు, మీకు నిజంగానే తక్కువ వస్తోంది.

ఇప్పుడు రైట్ క్యాష్ ఓవర్‌లోడ్. ఈ పేరు చూసి మెమరీ 64 శాతం నిండిపోయింది అనుకుంటారు, మీరూ అలాగే అనుకుని సెట్టింగ్స్‌లో క్యాష్ సైజు పెంచానని రాశారు. దాని అర్థం అది కాదు. మీకు కనెక్ట్ అయి ఉన్నవాళ్లలో నూటికి ఎంతమంది మీ డిస్క్ రాసుకోవడం కోసం ఆగి ఉన్నారు అన్నదే ఆ శాతం. అంటే నూటికి 64 మంది చేతిలో డేటా ఉంది, పంపడానికి సిద్ధంగా ఉన్నారు, మీ వైపు తీసుకునే నాథుడు లేడు. రీడ్ క్యాష్ ఓవర్‌లోడ్ కూడా ఇలాంటిదే, దిశ మాత్రం తిరగబడుతుంది. మీ నుంచి డేటా కోరుకున్నవాళ్లు మీ డిస్క్ చదివి ఇచ్చేదాకా ఆగి ఉంటారు. ఈ రెండూ మామూలుగా సున్నా దగ్గర ఉండాలి. అప్పుడప్పుడు లేచి పడితే పర్వాలేదు. 64 దగ్గరే నిలబడిందంటే అడ్డం డిస్క్ దగ్గరే ఉంది.

క్యూడ్ ఐఓ జాబ్స్ అంటే డిస్క్ ముందు వరుసలో నిలబడ్డ పనుల సంఖ్య. దాని కిందే యావరేజ్ టైమ్ ఇన్ క్యూ ఉంది చూడండి, ఒక్కో పని ఆ వరుసలో సగటున ఎన్ని మిల్లీసెకన్లు నిలబడిందో అది చెప్తుంది. మీ మొదటి స్క్రీన్‌షాట్‌లో 2,900 ఉంది. అంటే చిన్న ముక్క ఒకటి రాయడానికి దాదాపు మూడు సెకన్ల నిరీక్షణ. ఎస్‌ఎస్‌డీ ఉన్న మిషన్‌లో ఈ అంకె తీరిగ్గా చూద్దామన్నా కనపడదు, సున్నాకీ పదికీ మధ్య ఉంటుంది.

మీ రెండో స్క్రీన్‌షాట్‌లో సేవ్ పాత్ చూశాను. ఇ డ్రైవ్, 64 జీబీ పెన్‌డ్రైవ్. అసలు సంగతి అదే. దించింది దించినట్టు స్కూలుకి పట్టుకెళ్లొచ్చని అలా పెట్టుకున్నారు, ఆ ఆలోచనలో తప్పు లేదు. కానీ టొరెంట్ ఫైల్ మొదటి నుంచి చివరిదాకా వరసగా రాదు. ఎవరి దగ్గరా ఎక్కువ లేని అరుదైన ముక్కని ముందు తెచ్చుకోవడం దాని పద్ధతి. ఒక ముక్క ఫైల్ మొదట్లోది వస్తే, తర్వాతది చివర్లోది, ఆ తర్వాతది మధ్యలోది. ఆ ముక్కలు కూడా ఒక్కొక్కరి దగ్గర్నుంచి 16 కేబీ చొప్పున వస్తాయి. పెన్‌డ్రైవ్‌కి ఒకే పెద్ద సినిమా ఫైల్ కాపీ చేస్తే హాయిగా రాసుకుంటుంది. ఇలా చెల్లాచెదురుగా సన్న ముక్కలు రాయమంటే చౌక పెన్‌డ్రైవ్‌లు సెకనుకి ఒక మెగాబైటు దగ్గరికి పడిపోతాయి. మీ 1.2 సరిగ్గా అక్కడే ఉంది.

ఇది కళ్లతో చూడాలంటే ఒక పని చేయండి. రెండేళ్ల క్రితం నా దగ్గరికి ఇదే ఇబ్బందితో ఒక ల్యాప్‌టాప్ వచ్చింది, అప్పుడు చేసి చూశాను. స్టాటిస్టిక్స్ విండో ఒక పక్కన తెరిచి ఉంచి, టొరెంట్‌ని పాజ్ చేశాను. డౌన్‌లోడ్ వెంటనే సున్నా అయింది. పెన్‌డ్రైవ్ చివర ఉన్న చిన్న నీలం లైటు మాత్రం కొట్టుకుంటూనే ఉంది. క్యూడ్ ఐఓ జాబ్స్ 280, 241, 190 అంటూ మెల్లగా దిగుతోంది. అది సున్నాకి చేరాక కూడా ఆ లైటు ఇంకో అరనిమిషం వెలిగి ఆరుతూనే ఉంది, విండోస్ తన దగ్గర దాచుకున్నది రాసుకుంటోంది. నెట్ ఆగిపోయి నిమిషం దాటాక కూడా డిస్క్‌కి పని మిగిలే ఉందంటే ఎవరు ఎవరి కోసం ఆగుతున్నారో ఇంకొకరు చెప్పక్కర్లేదు. అదే ఫైల్‌ని ల్యాప్‌టాప్ సి డ్రైవ్‌లోకి మార్చి మొదలుపెడితే 9 దాటింది.

స్పీడ్ ట్యాబ్‌లో గ్రాఫ్ కూడా ఇదే చెప్తుంది. డిస్క్ ఆగితే గీత రంపపు పళ్లలా ఉంటుంది. ఒక్కసారి పైకి లేస్తుంది, కిందికి జారుతుంది, మళ్లీ లేస్తుంది. లైను నిండితే గానీ, ఎవరైనా లిమిట్ పెడితే గానీ బల్లపరుపుగా గీత గీసినట్టు సాగుతుంది. నేను ఎవరింటికి వెళ్లినా అంకెల కంటే ముందు ఈ గ్రాఫే చూస్తాను.

అదే విండోలో రీడ్ క్యాష్ హిట్స్ అని ఒకటి కనిపిస్తే దాన్ని వదిలేయండి. ఇప్పటి వెర్షన్లలో చాలా వరకు ఆ పని ఆపరేటింగ్ సిస్టమే చూసుకుంటోంది, ఆ అంకెతో మీరు చేయగలిగింది ఏమీ లేదు.

ఇక వీడియోల టొరెంట్. ఇది నాకు ఎక్కువ పట్టింపు ఉన్న విషయం, ఎందుకంటే ఇక్కడ పదిమంది ఒకరి మీద ఒకరు ఆధారపడి ఉన్నారు. డెబియన్‌కి ప్రపంచమంతా సీడ్లు, అంటే ఫైల్ మొత్తం తమ దగ్గర ఉండి పంచేవాళ్లు, ఉంటారు, ఒకడు ఇవ్వకపోతే ఇంకొకడు ఇస్తాడు. మీ పాఠాలకి మీ పదిమందే.

పీర్స్, అంటే మీతో ముక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ల, ట్యాబ్‌లో ఫ్లాగ్స్ అని ఒక నిలువు వరుస ఉంటుంది. చాలామంది దాన్ని చూడనే చూడరు, నా లెక్కలో సాఫ్ట్‌వేర్ మొత్తంలో విలువైన సమాచారం అదే. పెద్ద డి అక్షరం ఉంటే అవతలివాడు మీకిస్తున్నాడు. చిన్న డి ఉంటే మీకు కావాలి, వాడి దగ్గర ఉంది, కానీ మీకింకా తలుపు తీయలేదు. అలాగే పెద్ద యు అంటే మీరు వాడికిస్తున్నారు, చిన్న యు అంటే వాడు అడుగుతున్నాడు, మీరు తీయలేదు. మీ మూడో స్క్రీన్‌షాట్‌లో తొమ్మిది మంది పీర్లున్నారు, ఏడుగురి దగ్గర చిన్న డి.

ఎందుకు తీయలేదో తెలియాలంటే వంతుల లెక్క తెలియాలి. దాళ్వాలో గోదారి నీళ్లు తగ్గినప్పుడు మన కాలవలకి వంతుల వారీగా వదులుతారు కదా. అన్ని బోదెలూ ఒకేసారి తెరిస్తే ఎవరి చేనూ తడవదు, అందుకే కొన్ని తూములు ఎత్తుతారు, కొన్ని దించుతారు. బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్ రాసినప్పుడు కూడా ఒక్కో మిషన్ అందరికీ ఒకేసారి ఇవ్వకుండా ఒకసారికి కొద్దిమందికే, మొదటి పద్ధతిలో నలుగురికి, ఇచ్చేలా పెట్టాడు. ప్రతి 10 సెకన్లకీ లెక్క చూసుకుని ఎవరికి తలుపు తీయాలో, ఎవరికి వేయాలో తేల్చుకుంటుంది. మన కాలవకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. ఇక్కడ వంతు పొలం ఎక్కడుందో చూసి రాదు, ఎవడు తనకి ఎక్కువ ఇస్తున్నాడో చూసి వస్తుంది. ఇచ్చినవాడికే ముందు తలుపు. అలాగైతే కొత్తగా వచ్చి చేతిలో ఒక్క ముక్క కూడా లేనివాడి సంగతేంటి? వాడి కోసమే 30 సెకన్లకి ఒకసారి, లెక్క చూడకుండా, ఎవరో ఒకరికి తలుపు తీస్తుంది. ఫ్లాగ్స్‌లో ఇంగ్లిష్ 'O' అక్షరం కనిపిస్తే అది ఆ తలుపే.

మాస్టారూ, ఇప్పుడు మీ అప్‌లోడ్ లిమిట్ చూడండి. 10 కేబీ పెట్టారు. ఇంట్లో పిల్లల ఆన్‌లైన్ క్లాసు ఆగకూడదని పెట్టానని రాశారు, అది నిజమైన ఇబ్బందే. కానీ సెకనుకి 10 కేబీ అంటే అవతలివాళ్ల లెక్కలో మీరు ఏమీ ఇవ్వనివారి కిందే లెక్క. 30 సెకన్లకొకసారి తీసే తలుపులో మీకేదైనా దొరికితే దొరికినట్టు. మీ వీడియోలు కదలకపోవడానికి, రేషియో 0.03 దగ్గర ఉండిపోవడానికి, ఆ ఏడు చిన్న డి అక్షరాలకి మూలం ఒకటే.

అలాగని లిమిట్ పూర్తిగా తీసేయకండి. అప్‌లోడ్ నిండా పోతుంటే మీరు దించుకుంటున్న ప్రతి ప్యాకెట్‌కీ వెళ్లాల్సిన రశీదు కూడా ఆ గుంపులో ఇరుక్కుంటుంది, డౌన్‌లోడూ పడిపోతుంది, పిల్లల క్లాసూ ఆగుతుంది. స్పీడ్ టెస్ట్‌లో అప్‌లోడ్ ఎంత వస్తోందో కొలవండి, దాంట్లో మూడొంతులు, మహా అయితే 80 శాతం పెట్టండి. టెస్ట్‌లో 40 ఎంబీపీఎస్ వస్తే అది సెకనుకి 5 మెగాబైట్లు, 3.7 పెట్టుకోండి. యూటీపీ అనే పద్ధతి ఆన్‌లో ఉంటే, ఫ్లాగ్స్‌లో పి అక్షరం, ఆలస్యం పెరుగుతోందని గమనించగానే అదే కొంచెం వెనక్కి తగ్గుతుంది. ఆన్‌లోనే ఉంచండి.

ఇంకో అక్షరం ఐ. అవతలివాడే మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి కనెక్ట్ అయ్యాడని దానర్థం. మీ లిస్టులో ఒక్క ఐ కూడా లేదు. కింద స్టేటస్ బార్‌లో మంట బొమ్మ ఉంది కదా, అదీ ఇదే చెప్తోంది. మన వైపు చిన్న ఆపరేటర్లు చాలామంది ఒకే పబ్లిక్ అడ్రసు వెనక వందల ఇళ్లు పెడతారు, అడ్రసులు చాలక. రూటర్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే ఆపరేటర్ మీ రూటర్‌కి ఇచ్చిన అడ్రసు, చూడండి. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరూ ఆ వరుసలోనే ఉన్నారు. మీరు బయటికి వెళ్లగలరు, బయటివాళ్లు లోపలికి రాలేరు. డెబియన్‌కి దీనివల్ల పెద్ద నష్టం లేదు, తలుపు తెరిచి కూర్చున్న సర్వర్లు బోలెడు. కానీ మీ పదిమంది టీచర్లలో రాజోలులో మీరు, పాలకొల్లులో ఇంకొకరు ఇద్దరూ ఇలాంటి లైన్ల వెనకే ఉంటే, ఒకరికొకరు నేరుగా కలవడం కష్టం. మూడో మనిషి మధ్యలో ఉండి ఇద్దరికీ ఇవ్వాలి. రూటర్‌లో ఐపీవీ6 అనే కొత్త తరహా అడ్రసుల పద్ధతి ఆన్ చేస్తే చాలాసార్లు ఈ చిక్కు వీడిపోతుంది. అది లేకపోతే పదిమందిలో కనీసం ఒక్కరు పబ్లిక్ ఐపీ అడిగి తీసుకుంటే చాలు. ఆపరేటర్‌కి ఫోన్ చేయదగ్గ పని ఏదైనా ఉందంటే ఇదే, అదీ మర్యాదగా అడిగేది.

అవైలబిలిటీ గురించి మీరు అడగలేదు. అయినా చెప్తాను, మీ వీడియోల టొరెంట్‌కి ఇవాళ కాకపోతే రేపు ఇది ఎదురవుతుంది. ఆ అంకె 2.35 అంటే మీకు కనెక్ట్ అయినవాళ్ల మధ్య ప్రతి ముక్కకీ కనీసం రెండు కాపీలున్నాయి, 35 శాతం ముక్కలకి అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఒకటి కంటే తగ్గితే కొన్ని ముక్కలు ఎవరి దగ్గరా లేవు.

మేం కాలేజీ స్నేహితులం ఆరుగురం ఒకసారి పాత హరికథల క్యాసెట్లు డిజిటల్ చేసి పంచుకున్నాం. అన్నీ ఉన్నది ఒక్కడి దగ్గరే. వానాకాలం, రాత్రి గాలివాన, వాడి ఊళ్లో కరెంటు పోయింది. పొద్దున్నే నాకు ఫోన్లు, స్పీడ్ సున్నా అయిపోయింది, నెట్ పోయిందా అని. నాది చూస్తే 87.4 శాతం. ఇంకొకడిని అడిగితే వాడిదీ 87.4. మిగతా ముగ్గురిదీ అంతే. అయిదుగురూ ఒకే దశాంశం దగ్గర ఆగారు, అవైలబిలిటీ 0.874. ఆ రాత్రంతా ఒకళ్ల దగ్గర ఉన్నది ఇంకొకళ్లం పంచుకుని సమానమైపోయాం, మా అయిదుగురిలో ఎవరి దగ్గరా లేని ఆ 12.6 శాతం కరెంటు లేని ఇంట్లో ఉండిపోయింది. మూడో రోజు సాయంత్రం కరెంటు వచ్చింది, వాడు మిషన్ ఆన్ చేసిన గంటలో అందరివీ పూర్తయ్యాయి. ఆ క్యాసెట్లలో కొన్నింటికి వేరే కాపీ ఎక్కడా లేదు. ఆ మూడు రోజులూ నాకున్న టెన్షన్ డౌన్‌లోడ్ గురించి కాదు, వాడి హార్డ్‌డిస్క్ తడవకుండా ఉందా లేదా అని.

అందుకే మీ వీడియోలు మొదట పెట్టిన టీచర్‌కి ఒక మాట చెప్పండి. పీర్స్ ట్యాబ్‌లో ఇంకో ఇద్దరైనా 100 శాతం అయ్యేదాకా మిషన్ ఆపొద్దని. అప్పుడు ఒకరి మిషన్ ఆగినా మిగతావాళ్లు ఆగిపోరు.

రేషియో అంటే మీరిచ్చింది భాగించు మీరు తీసుకున్నది. 0.03 చూసి బాధపడ్డానని రాశారు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, గుంపు మొత్తంలో ఎవరో ఒకరు ఇచ్చిందే ఇంకొకరు తీసుకుంటారు. కాబట్టి అందరికీ ఒకటి దాటడం సాధ్యం కాదు, ఒకరిది ఎక్కువైతే ఇంకొకరిది తగ్గాల్సిందే. డెబియన్ లాంటి వాటికి సీడ్లు అంతమంది ఉన్నప్పుడు మీరు ఎంత తెరిచిపెట్టినా అడిగేవాళ్లు తక్కువ. అక్కడ తక్కువ రేషియో తప్పు కాదు. మీ వీడియోల టొరెంట్‌లో మాత్రం దాన్ని పట్టించుకోండి, అక్కడ మీ రేషియో అంటే మీ పక్కూరి టీచర్‌కి అందిన పాఠాలు.

సెషన్ వేస్ట్ అంటే దించి పారేసిన డేటా. చివర్లో ఒకే ముక్కని ఇద్దరు ముగ్గుర్ని అడగడం వల్ల కొంత, వచ్చిన ముక్క చెడిపోలేదని సరిచూసే హ్యాష్ లెక్క సరిపోక కొంత. కొద్దిగా ఉండటం మామూలే. అది గంటగంటకీ ఆగకుండా పెరుగుతుంటే మీ ర్యామ్ మీద అనుమానపడండి. నాకు అలా ఒక మిషన్‌లో పాడైన ర్యామ్ స్టిక్ దొరికింది. ఎప్పటికి పూర్తవుతుందో చెప్పే ఈటీఏని పట్టించుకోవద్దు, కాసేపటి స్పీడ్ చూసి చెప్పే అంచనా అది.

ఇవాళ చేయాల్సింది ఇది. డెబియన్ టొరెంట్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ లొకేషన్‌తో ల్యాప్‌టాప్ డిస్క్‌లోకి మార్చండి, దిగినంత వరకు అదే మోసుకెళ్తుంది, మళ్లీ మొదటి నుంచి దించక్కర్లేదు. పూర్తయ్యాక పెన్‌డ్రైవ్‌కి ఒకేసారి కాపీ చేసుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీకి మించిన ఫైల్ ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి ఉంచుకోండి. అప్‌లోడ్ లిమిట్ పైన చెప్పిన లెక్కలో మార్చండి. క్యాష్ సైజు మళ్లీ పాత విలువకే పెట్టేయండి. రాత్రి ఏడు నుంచి పది దాకా వీధంతా ఒకే ఫైబర్‌ని పంచుకుంటారు, ఆ వేళ చూసి తేల్చొద్దు. తెల్లవారుజామున అయిదింటికి ఒక పది నిమిషాలు నడిపి, రైట్ క్యాష్ ఓవర్‌లోడ్, యావరేజ్ టైమ్ ఇన్ క్యూ, వీడియోల టొరెంట్‌లో చిన్న డి ఎన్ని, పెద్ద డి ఎన్ని, ఈ నాలుగు అంకెలూ ఇక్కడ రాయండి. వ్యాన్ ఐపీ మాత్రం మొత్తం పెట్టొద్దు, 100.64 నుంచి 100.127 మధ్య మొదలైందో లేదో చెప్తే చాలు.